పక్కింటోళ్లు ఏం జేసిండ్రు సార్?

ఎల్లారెడ్డి దగ్గర ఒక సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పే మిత్రుడు చాలా రోజులుగా రమ్మంటున్నాడు. "పదో తరగతికి జర్మనీ పాఠం మొదలుపెట్టాలె. హిట్లర్ పేరెత్తితే పిల్లలు నవ్వుతున్నరు. నువ్వొచ్చి కూసో, ఎట్ల చెప్పాల్నో ఇద్దరం చూద్దాం" అని. పిల్లలు నవ్వడంలో వింతేముంది? మనకు హిట్లరంటే 1997లో వచ్చిన చిరంజీవి సినిమా. చెల్లెళ్ల జోలికి ఎవడొచ్చినా ఊరుకోని కోపిష్టి అన్నయ్య. ఊరూరా ఒక హెడ్మాస్టరుకో మేనమామకో ఆ పేరు తగిలించే ఉంటాం. అరవై లక్షల మంది యూదుల చావుకు కారకుడైనవాడి పేరు మన ఇళ్లలో ముద్దుపేరైపోయింది. సరే, చూసొద్దామని బయల్దేరాను.

సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు పోయే పాత నిజాం రైలుమార్గం మీద ఉంది కామారెడ్డి. జనరల్ డబ్బాలో కిటికీ పక్కన చోటు దొరికింది. నా ఎదుట ఒకావిడ ఒళ్లో చంటిపిల్లను, పక్కన ఏడెనిమిదేళ్ల పిల్లాణ్ని పెట్టుకుని కూర్చుంది. వాడికి టికెట్ తీశావా అని పక్కాయన అడిగితే "హాఫ్ టికెటుంది" అని చూపించింది. ఆ మాట చెవినపడగానే ఎప్పుడో చదివిన సంగతి ఒకటి గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. యూదుల్ని చావు శిబిరాలకు తోలిన రైళ్లకు జర్మన్ రైల్వే సంస్థ లెక్క కట్టి మరీ చార్జీ వసూలు చేసింది. మూడో తరగతి రేటు, కిలోమీటరుకు ఇంత అని. పదేళ్లలోపు పిల్లలకు సగం, నాలుగేళ్లలోపు వాళ్లకు ఉచితం. నాలుగు వందల మంది, ఆ పైన ఉన్న గుంపైతే సగం ధరే. కాపలా సిపాయిలకు రానూపోనూ, యూదులకు పోను మాత్రమే. ఎక్కించింది పశువుల డబ్బాల్లో, బిల్లు వేసింది మాత్రం మనుషుల రేటుకు. ఆ బిల్లులు రాసిన గుమాస్తా ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు. బహుశా సాయంత్రం ఇంటికెళ్లి పిల్లలతో ఆడుకుని ఉంటాడు. నన్ను భయపెట్టేది హిట్లర్ కన్నా ఆ గుమాస్తానే.

కామారెడ్డిలో దిగి, చాయ్ తాగి, ఎల్లారెడ్డి బస్సెక్కాను. బెల్లం వ్యాపారానికి పేరుపడ్డ పట్నం ఇది. 2016లో జిల్లా కేంద్రమయ్యాక కొత్త బోర్డులు, కొత్త ఆఫీసులు వచ్చాయి. దారిలో లింగంపేట. అటూ ఇటూ మక్కచేన్లు, వరి మళ్లు. ఎల్లారెడ్డికి అవతల మంజీర మీద నిజాంసాగర్. 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేసిన ఆ ప్రాజెక్టు గురించి ఈ వైపు రైతులు ఇప్పటికీ గౌరవంగానే మాట్లాడతారు. నిజాంను తిట్టే నోటితోనే నిజాంసాగర్‌ను మెచ్చుకుంటారు. అది నాకు నచ్చుతుంది, పద్దు రెండు వైపులా రాసుకునే పద్ధతి.

తరగతిలో నలభై మంది దాకా ఉన్నారు. మావాడు మంచి పంతులు. హిట్లర్ బొమ్మ చూపించలేదు, యుద్ధం కథ చెప్పలేదు. బోర్డు మీద మూడు అంకెలు వేశాడు. 1928 ఎన్నికల్లో నాజీ పార్టీకి వచ్చిన ఓట్లు నూటికి రెండున్నర. 1930లో పద్దెనిమిది. 1932 జులైలో ముప్పై ఏడు. "రెండున్నర కాడికెంచి ముప్పై ఏడు దాంక ఎట్ల పోయింది?" అని అడిగాడు. పిల్లలు తలోటి అన్నారు. ఒకడు పైసలు పంచిండ్రన్నాడు. ఒకడు భయపెట్టిండ్రన్నాడు. వెనక బెంచీ పిల్ల మెల్లగా "పనులు లేకుండె గావచ్చు" అంది. అదే. 1929లో అమెరికాలో మార్కెట్లు కూలాక జర్మనీలో కొలువులు పోయాయి. 1932 నాటికి పని లేనివాళ్లు అరవై లక్షలు. అంతకుముందు 1923లో నోట్ల కట్టలు చిత్తుకాగితాలైన జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. మొదటి యుద్ధంలో ఓడిన అవమానం, వెర్సాయ్ ఒప్పందం నెత్తిన పెట్టిన నష్టపరిహారం సరేసరి. ఇన్ని దెబ్బలు తిన్నవాళ్ల దగ్గరికి ఒకడొచ్చి, మీ తప్పేం లేదు, అంతా ఫలానా వాళ్ల వల్లే అన్నాడు. ఆ ఫలానా వాళ్లు దేశ జనాభాలో నూటికి ఒక్కరు కూడా లేరు.

ఇక్కడ మావాడొక మాట నొక్కి చెప్పాడు. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికల్లోనూ హిట్లర్‌కు సగం ఓట్లు రాలేదు. 1933 జనవరి 30న అతణ్ని గద్దెనెక్కించింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్, ఆయన చుట్టూ ఉన్న పెద్దమనుషులు. వీణ్ని మనం ఆడించుకోవచ్చులే అనుకున్నారు. రెండు నెలలు తిరక్కుండానే పార్లమెంటు తన అధికారాన్ని తానే అతని చేతుల్లో పెట్టేసింది. ఆ తర్వాత ఒక్కో మెట్టు. ఏప్రిల్ 1న యూదుల దుకాణాల బహిష్కరణ. 1935లో పౌరసత్వం తీసేసే న్యూరెంబర్గ్ చట్టాలు. 1938 నవంబర్‌లో ఒక రాత్రి ప్రార్థనా మందిరాలకు నిప్పు. 1939 జనాభా లెక్కల్లో తాత, అమ్మమ్మల్లో యూదులెవరైనా ఉన్నారా అని రాసుకోవడానికి ప్రత్యేకంగా ఒక కార్డు. 1942 జనవరిలో బెర్లిన్ శివారు వాన్‌సీ బంగళాలో పదిహేను మంది అధికారులు కూర్చుని మొత్తం యూరప్ యూదుల్ని ఎలా ముగించాలో మాట్లాడుకున్నారు. ఆ పదిహేను మందిలో సగానికి పైగా డాక్టరేట్లున్నవాళ్లే. చదువుకుంటే మనిషి బాగుపడతాడని పిల్లలకు రోజూ చెప్పే మావాడు ఈ సంగతి దగ్గర కాసేపు ఆగిపోయాడు.

బెర్లిన్ మరీ అంత దూరం కాదని చెప్పడానికి నేనొక కథ అందించాను. 1897లో మన హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ బెర్లిన్‌లో చదువుకున్నాడు. అక్కడ పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ తర్వాత ఢిల్లీకి వచ్చి ఆయన నడిపిన జామియా మిలియాలో చిన్నపిల్లలకు చదువు చెప్పింది. పిల్లలు ఆమెను ఆపాజాన్ అనేవారు. 1943లో ఢిల్లీలోనే కన్నుమూసింది. పిల్లలు ఆసక్తిగా విన్నారు. అప్పుడు మూడో బెంచీలోంచి ఒకడు లేచి అడిగాడు: "సార్, గిదంతా అయితుంటె పక్కింటోళ్లు ఏం జేసిండ్రు సార్?"

మావాడు నావైపు చూశాడు. జవాబు సుఖంగా ఉండదు. కొందరు పోలీసులకు పట్టించారు. చాలామంది తలుపేసుకున్నారు. హాంబర్గ్‌లో, రైలెక్కించిన యూదుల ఇళ్లలోని బల్లలు, దుప్పట్లు, పిల్లల బట్టలు బహిరంగంగా వేలం వేస్తే జనం ఎగబడి కొనుక్కున్నారు. కానీ మరో రకం పక్కింటివాళ్లూ ఉన్నారు. 1943లో బెర్లిన్‌లోని రోజెన్ వీధిలో యూదుల్ని పెళ్లాడిన జర్మన్ ఆడవాళ్లు తమ మొగుళ్లను బంధించిన భవనం ముందు గుమిగూడి రోజుల తరబడి కదల్లేదు. మగవాళ్లను వదిలిపెట్టారు. అదే ఏడు అక్టోబర్‌లో డెన్మార్క్ జాలరులు, మామూలు జనం ఏడువేల మందికి పైగా యూదుల్ని పడవల్లో స్వీడన్ చేర్చారు. అడ్డు తగిలితే కొన్నిచోట్ల నాజీలు కూడా వెనక్కి తగ్గారన్నది ఈ చరిత్రలో మనం తక్కువగా చెప్పుకునే భాగం.

బడి వదిలాక ఊళ్లోకి నడిచాం. ఈ జిల్లాలో ఏ వాడకెళ్లినా అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. ఒక అరుగు మీద నలుగురు కూర్చున్నారు. ఇద్దరు పద్మశాలీలు, ఇద్దరు ముస్లింలు. ఒళ్లో చాట, చాటలో తంబాకు. నానబెట్టిన తునికాకును కత్తెరతో కత్తిరించి, వేళ్లతోనే కొలిచి తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం బిగించి పడేస్తుంటే చూపు నిలవదు. వాళ్లు మాట్లాడుకునేది కార్ఖానా వాడు ఎన్ని తీసి పారేశాడు, పింఛను పడిందా లేదా అన్నదే. పక్కన మంచం మీద ఎనభై దాటిన తాత ఒకాయన. రజాకార్ల జమానా యాదికుందా అని అడిగాం. "నేను చిన్నపోరన్ని. రాత్రిపూట మోటరు సప్పుడైతే మా అమ్మ మమ్ముల తీస్కొని చేన్లకు ఉరికేది" అన్నాడు. కాసేపాగి, "పోలీసు యాక్షనైనంక గిదే ఇంట్ల ఓ సాయబు పెండ్లాం పిల్లలు దాసుకున్నరు. మా నాయిన వాకిట్ల పండుకునేటోడు" అన్నాడు. బీడీలు చుడుతున్న ఒక ముసలామె తలెత్తకుండా "మా నానమ్మ గూడ గట్లనే చెప్పేది" అంది. అంతే. మళ్లీ కార్ఖానా మాటల్లో పడ్డారు.

తాత చెప్పిన ఆ రెండు భయాలూ 1948లో నెల రోజుల తేడాలో జరిగినవి. లాతూరు వకీలు కాశిం రజ్వీ మజ్లిస్ పార్టీ పగ్గాలు పట్టాక దాని సాయుధ దళం రజాకార్లు పల్లెల మీద పడ్డారు. కొన్నిచోట్ల వాళ్లకు గడీల దొరలే ఆశ్రయమిచ్చారు. ఆగస్టు 27న ఇప్పటి సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లిలో పదుల మందిని కాల్చి చంపారు. అంతకు కొద్ది రోజుల ముందే, ఆగస్టు 21 రాత్రి, హైదరాబాద్ కాచిగూడలో 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నరికేశారు. రాసిన చేతిని తెగ్గొట్టారు. భారతదేశంలో కలవమని, రజాకార్లను అదుపు చెయ్యమని రాయడమే ఆ ముస్లిం యువకుడి నేరం.

సెప్టెంబర్ 13న 'పోలీసు చర్య' పేరుతో భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాతి కథ చూడాలంటే ఎల్లారెడ్డి నుంచి పడమరకు, పిట్లం దాటి మద్నూరు వైపు వెళ్లాలి. మర్నాడు వెళ్లాం. సలాబత్‌పూర్ దాటితే మహారాష్ట్ర, నాందేడ్ జిల్లా. జుక్కల్ వైపు తిరిగితే కర్ణాటక, బీదర్ జిల్లా. సంతలో ఒకే మనిషి తెలుగులో బేరమాడి, మరాఠీలో పలకరించి, ఉర్దూలో చిల్లర అడుగుతాడు. సరిహద్దుకు అవతలి ఆ రెండు జిల్లాల్లోనూ, ఉస్మానాబాద్, గుల్బర్గాల్లోనూ పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద ఘోరమైన హత్యాకాండ జరిగింది. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం నవంబర్, డిసెంబర్ నెలల్లో హైదరాబాద్ సంస్థానంలోని పదహారు జిల్లాల్లో తొమ్మిది తిరిగి, సంస్థానం మొత్తం మీద చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. వీళ్లలో ఎక్కువమందికి రజాకార్లతో ఏ సంబంధమూ లేదు. ఆ నివేదిక ముక్కలు ముక్కలుగా బయటికొచ్చినా, పూర్తి పాఠం ఢిల్లీ నెహ్రూ మ్యూజియంలో జనం చూసే వీలు 2013 దాకా కలగలేదు.

నివేదికలో ఒక సంగతి నన్ను వదలదు. కొన్నిచోట్ల హిందూ సాలెవాళ్లు ముస్లిం సాలెవాళ్లకు అడ్డంగా నిలబడి, దాడికొచ్చిన హిందువులను ఎదిరించారట. కొందరు ప్రాణాలే ఇచ్చారట. ఉపన్యాసాలు విని కాదు, పక్కపక్కనే మగ్గాల గుంతల్లో కూర్చున్నవాళ్లు కాబట్టి. ఎల్లారెడ్డి అరుగు మీది నలుగురు ఆడవాళ్లు గుర్తొచ్చారు.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. 1948లో మన దగ్గర జరిగింది హోలోకాస్ట్ కాదు. ఒక జాతి మొత్తాన్ని లెక్కలు వేసి, చట్టాలు చేసి, రైళ్లెక్కించి, విషవాయువుతో తుడిచిపెట్టే యంత్రాంగం ఇక్కడ లేదు. ఆ మాటను ప్రతి గొడవకూ తగిలించడం చచ్చిపోయినవాళ్లకు అవమానం. కానీ మొదటి మెట్లు మాత్రం ఒక్కలాగే ఉన్నాయి. బతుకు భయం, దానికి పక్కవాడే కారణమనే ప్రచారం, యూనిఫాం వేసుకున్న కుర్రాళ్లు, ఒకడు చేసినదానికి వాడి కులమంతటికీ శిక్ష, మనకెందుకులే అనే పెద్దమనుషులు. ఇప్పుడు ఆ ప్రచారానికి రేడియో కూడా అక్కర్లేదు. మేం తిరిగొచ్చే బస్సులోనే ఒక కుర్రాడు ఏదో వీడియో పెద్ద శబ్దంతో చూస్తున్నాడు. ఫలానా వాళ్ల దగ్గర కూరగాయలు కొనొద్దని అందులో ఎవరో అరుస్తున్నారు. బస్సులో ఎవరూ ఏమీ అనలేదు. చివరికి కండక్టరమ్మే "బంద్ జెయ్ తమ్మీ" అని గదమాయించింది. వాడు బంద్ చేశాడు.

నాకు చిరాకు కలిగించేది మన లెక్కల పద్ధతి. ఏటా సెప్టెంబర్ 17 వస్తే ఒకరు బైరాన్‌పల్లి గురించే మాట్లాడతారు, ఒకరు సుందర్‌లాల్ నివేదిక గురించే మాట్లాడతారు. తమ శవాలను మాత్రమే లెక్కపెట్టుకునేవాళ్ల దగ్గర పిల్లలు నేర్చుకునేది పగ ఒక్కటే. మంచం మీది తాత రెండూ చెప్పాడు. మనకేం కష్టం?

కాబట్టి కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పే టీచర్లకు ఒక విన్నపం. జర్మనీ పాఠం చెప్పే రోజున ఒక్క పీరియడ్ ఎక్కువ తీసుకోండి. బైరాన్‌పల్లి చెప్పండి, నాందేడ్, బీదర్ చెప్పండి, షోయబుల్లా ఖాన్ పేరు బోర్డు మీద రాయండి, ఆ సాలెవాళ్ల సంగతి చెప్పండి. ఇళ్లలో ఎనభై దాటినవాళ్లు ఇంకా ఉన్నారు, పిల్లల్ని వెళ్లి అడిగి రాసుకు రమ్మనండి. పరీక్షలో ఇవేవీ రావు. అయినా చెప్పండి.