శనివారం వచ్చే దీదీ

ముంబయి నగరంలో పరేలు స్టేషను దిగి, జనప్రవాహంతోపాటు కొంతదూరం నడిస్తే మూడు పెద్ద ఆస్పత్రులు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. ఒకటి కె.ఇ.ఎం. ఆస్పత్రి, రెండవది పసిపిల్లల కోసం వెలసిన వాడియా ఆస్పత్రి, మూడవది టాటా స్మారక ఆస్పత్రి. ఈ మూడవదాని ముందునుంచి పోయే వీధికి డాక్టర్ ఎర్నెస్ట్ బోర్జెస్ పేరు పెట్టారు. కాన్సరు రోగుల సేవలో ఆ ఆస్పత్రిలోనే జీవితం గడిపిన శస్త్రవైద్యుడాయన.

తెల్లవారకముందే ఈ వీధిలో సందడి మొదలవుతుంది. రాత్రి అక్కడే నిద్రించినవారు కూడా వారిలో ఉంటారు. కాలిబాట మీద ప్లాస్టిక్ పట్టా, దానిపై ఒక బొంత, తలక్రింద వైద్యుల కాగితాలు భద్రపరచిన సంచి. బీహారు నుంచో, బెంగాలు నుంచో, ఉత్తరప్రదేశ్ నుంచో రెండు రాత్రులు రైల్లో ప్రయాణం చేసి వచ్చిన తల్లిదండ్రులు, జబ్బుపడిన బిడ్డను మధ్యలో పడుకోబెట్టుకొని ఇలా కాలం గడపడం నేటికీ ఉన్నది.

ఈ ఆస్పత్రి పుట్టుకలోనే ఒక కుటుంబ విషాదమున్నది. సర్ దొరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయి 1931లో రక్తకాన్సరుతో కన్నుమూసింది. ఆనాడు ఆ జబ్బుకు మందు లేదు. ఎంతటి సంపదా ఆమెను కాపాడలేకపోయింది. భార్యకు దొరకని వైద్యం ఈ దేశప్రజలకు దొరకాలని కోరుకొన్న దొరాబ్జీ, మరుసటి ఏడే మరణించాడు. ఆయన కోరిక 1941 ఫిబ్రవరి 28న ఆస్పత్రి రూపంలో నెరవేరింది. ఇప్పుడు మందులున్నాయి. అయితే మందు ఉన్నంతమాత్రాన బిడ్డ బ్రతుకుతాడన్న నమ్మకం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 4 లక్షలమంది పిల్లలూ, కౌమారవయస్కులూ కాన్సరు వాతపడుతున్నారు. సంపన్న దేశాలలో వారిలో నూటికి 80 మందికి పైగా కోలుకొంటున్నారు. బీదదేశాలలో 30 మందైనా కోలుకోవడం లేదు. వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం ఇందుకు ఒక కారణం. మొదలుపెట్టిన చికిత్సను మధ్యలో మానివేయడం మరొకటి. పిల్లలలో తరచుగా కనిపించే రక్తకాన్సరుకు చికిత్స రెండేళ్ళకు పైగా సాగుతుంది. తొలి నెలలలో మాటిమాటికీ ఆస్పత్రికి రావాలి. అన్నాళ్ళు ఈ మహానగరంలో తలదాచుకొనేదెక్కడ? అద్దె ఇచ్చుకోలేరు. పొలం కౌలుకిచ్చి, ఆవును అమ్మి తెచ్చిన సొమ్ము నెల తిరగకుండా కరిగిపోతుంది. ఊళ్ళో మిగిలిన పిల్లలు గుర్తుకు వస్తారు. జ్వరం తగ్గింది కదా అని, ఒకనాడు ఆ కుటుంబం తిరుగురైలు ఎక్కుతుంది. ఆ బిడ్డ మరణానికి వ్యాధి ఎంత కారణమో, నిలువనీడ లేకపోవడమూ అంతే కారణం.

ఈ సంగతి గ్రహించినవారు నగరంలో కొందరున్నారు. చేతిలో చీపురు, మట్టిచిప్ప పట్టుకొని ఊరూరా తిరిగి వీధులూడ్చిన గాడ్గే మహరాజ్ 1956లో పరమపదించారు. బాటసారులకూ, రోగులకూ ధర్మశాలలు కట్టించడమే ఆయన చేసిన పూజ. ఆయన పేరిట దాదరులో ఉన్న ధర్మశాల కాన్సరు రోగులకు నేటికీ ఆశ్రయమిస్తున్నది. ప్రత్యేకించి పిల్లల కోసం 2006లో సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ అనే సంస్థ మొదలయింది. హైదరాబాదుతో సహా పలు నగరాలలో ఇప్పుడు దాని వసతిగృహాలున్నాయి. ముంబయిలో పెద్దది కాటన్ గ్రీన్ ప్రాంతంలో ఉన్నది. ఒకప్పుడు ప్రత్తి బేళ్ళకు నిలయమైన పేట అది. ప్రక్కనే ఉన్న సివ్రీ బురదనేలల మీద శీతకాలంలో రాజహంసల గుంపులు గులాబీరంగు తివాచీ పరచినట్లు వాలుతాయి.

వసతిగృహంలో ఒక్కొక్క కుటుంబానికి ఒక గది. వంటిల్లు అందరిదీ. ఎవరి పొయ్యి మీద వారు తమ ప్రాంతపు వంట వండుకొంటారు. ఆవనూనె తాలింపు ఒక ప్రక్క, కొబ్బరి వాసన మరొక ప్రక్క. చికిత్సలో భాగంగా ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు పిల్లలకు విపరీతమైన ఆకలి పుట్టిస్తాయి. అర్ధరాత్రి లేచి బంగాళాదుంప వేపుడు కావాలని ఏడ్చే బిడ్డకు, విసుక్కోకుండా పొయ్యి వెలిగించే తల్లులు ఇక్కడ కనిపిస్తారు. పదిరోజుల క్రితం ఆ బిడ్డే మెతుకు ముట్టలేదని వారికి జ్ఞాపకం.

ఇటువంటి చోటికి కళాశాల విద్యార్థులు వస్తుంటారు. 1969లో 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైన జాతీయ సేవా పథకం నియమం ప్రకారం, అందులో చేరిన విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. కొందరు ఆ గంటల లెక్క కోసమే వస్తారు. దాన్ని తప్పుపట్టనక్కరలేదు. ఎందుకు వచ్చారన్నదానికన్న, వచ్చినవారు తిరిగి వస్తారా అన్నదే ఇక్కడ ముఖ్యం.

వర్లీ నుంచి వచ్చే ఒక వాణిజ్యశాస్త్ర విద్యార్థిని సంగతి చూడండి. ఆమె తాత తెలంగాణ నుంచి వలసవచ్చి బట్టలమిల్లులో మగ్గం నడిపినవాడు. 1982 సమ్మెతో ఆ పని పోయింది. మొదటిరోజు ఆమె సంచినిండా బొమ్మలు తెచ్చింది. గుండు చేసినట్లున్న తలలనూ, మాస్కుల మీద మెరిసే కళ్ళనూ చూసి కంటతడి పెట్టింది. బొమ్మలు పంచడం అయిదు నిమిషాలలో అయిపోయింది. తరువాత ఏంచేయాలో తోచక నిలబడిపోయింది. అప్పుడు ఎనిమిదేళ్ళ కుర్రవాడొకడు వైకుంఠపాళి పటం తెచ్చి ఆమె ముందు పరిచాడు.

ఆమె జాలితో కావాలని ఓడిపోయింది. కుర్రవాడు కోపగించుకొన్నాడు.

“దీదీ, నువ్వు సరిగా ఆడటంలేదు. నేను చిన్నపిల్లవాణ్ణనుకొన్నావా?”

ఆమెకు ఆనాడు బోధపడిన మొదటి పాఠం అది. వ్యాధి ఆ పిల్లవాడి బడిని, స్నేహితులను, ఇంటి ముంగిలిని తీసుకొన్నది. జాలి అతని గెలుపును కూడా తీసుకొంటే మిగిలేదేముంది?

మిగిలిన పాఠాలు మెల్లగా వచ్చాయి. లోపలికి అడుగుపెట్టగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కీమో మందులు తెల్ల రక్తకణాలను తగ్గిస్తాయి గనుక, మనకు రెండు రోజుల పడిశం ఆ బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ గాని, తట్టు గాని సోకితే ఆ ఛాయలకు రాకూడదు. రాకపోవడమే ఆనాటి సేవ. పిల్లల ఫొటోలు తీయకూడదు. తల్లులకు నాటువైద్యం సలహాలివ్వకూడదు. “తప్పకుండా తగ్గిపోతుంది” అనే మాట వైద్యుడే అనలేనప్పుడు విద్యార్థి అనకూడదు. వచ్చే శనివారం వస్తానంటే మాత్రం వచ్చి తీరాలి.

నెలలు గడిచేకొద్దీ ఆమె చేయదగిన పనులు తెలిశాయి. తప్పిపోయిన తరగతి లెక్కలు చెప్పింది. బీహారు తల్లికి ఆస్పత్రి చీటీ చదివి, ఏ మాత్ర ఏ వారంలో వేయాలని నర్సు వ్రాసిందో వివరించింది. పద్ధెనిమిదేళ్ళు నిండినవారు రక్తదానం చేయవచ్చు. రక్తంలోని ప్లేట్‌లెట్లను మాత్రం అయిదు రోజులకు మించి నిలవచేయలేరు. పరీక్షల రోజులైనా, పండుగరోజులైనా దాతలు వస్తూనే ఉండాలి. ఆమె తన తరగతిలో రక్తదాతల పట్టిక ఒకటి తయారుచేసింది.

ఒకనాడు ఆ తల్లి చూపిన చీటీలో రెండు మందుల పేర్లుండగా, వాటి పుట్టుక తెలిసిన వైద్యుడొకరు ఆమెకు చెప్పారు. మొదటిది విన్‌క్రిస్టిన్. మన పెరళ్ళలో ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరు మొక్కనుంచి తీసింది. రెండవది మెథోట్రెక్సేట్. ఈ కోవకు చెందిన మందులను అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందించిన బృందానికి నాయకుడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ బృందం అందించిన మందుతోనే బోస్టన్ నగరంలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించగలిగాడు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. సుబ్బారావు మరణించినదీ ఆ ఏడే. తన మందు మింగి ఎందరు పిల్లలు పెద్దవారయ్యారో ఆయన చూడలేదు.

వసతిగృహంలో ఇళ్ళకు వెళ్ళే రోజులు పండుగరోజులు. చికిత్స ముగిసిన బిడ్డకు అందరూ చప్పట్లు కొడతారు. తల్లి తన పప్పుడబ్బా, గరిటె ప్రక్కగదివారికి ఇచ్చి వెళుతుంది. చప్పట్లు లేకుండా ఖాళీ అయిన గదులు కూడా ఉంటాయి. శనివారం వచ్చిన విద్యార్థిని ఆ గది తలుపు చూస్తుంది. ఏమీ అడగదు. ఆ సాయంకాలం తిరిగి వెళ్ళేటప్పుడు స్టేషను బల్లమీద కాసేపు కూర్చొని, రెండు రైళ్ళు వదలి మూడవది ఎక్కుతుంది. అలా వదలివెళ్ళి మళ్ళీ రానివారూ ఉన్నారు. వారిని నిందించే హక్కు ఎవరికీ లేదు.

ఆమె మళ్ళీ వచ్చింది. పడిశం పట్టి రెండు వారాలు రాలేకపోయి, మూడవ శనివారం గుమ్మంలో చేతులు కడుక్కొంటూ ఉండగా కుర్రవాడి తల్లి వంటింట్లోంచి కేక వేసింది.

“వచ్చావా బేటీ! వాడు ఆ పటాన్ని ఎవరినీ ముట్టనివ్వడం లేదు.”

గదిమూల వైకుంఠపాళి పరిచినది పరిచినట్లే ఉన్నది. ఎర్రకాయ తొంభైమూడవ గడిలో, పచ్చకాయ ఎనభైఎనిమిదిలో. కుర్రవాడు మాస్కు సరిచేసుకొని పాచిక ఆమె చేతిలో పెట్టాడు.

“నీ వంతే దీదీ.”