విందులో విషం

అన్నం పెట్టే చేతిని నమ్మడం మానవుడు నేర్చే తొలి పాఠం. తల్లి కలిపిన ముద్దను ఏ బిడ్డా పరీక్షించి తినడు. ఆ నమ్మకానికే విఘాతం కలిగితే ఏమవుతుంది? పాశ్చాత్య సాహిత్యంలో వంటకాల చుట్టూ అల్లిన హత్యాకథలకు ఈ ప్రశ్నే ఆయువుపట్టు.

ఆంగ్ల రచయిత్రి అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆసుపత్రి మందులశాలలో పనిచేసి, విషాల స్వభావాన్ని క్షుణ్ణంగా గ్రహించారు. 1953లో వెలువడిన ఆమె నవల 'ఎ పాకెట్ ఫుల్ ఆఫ్ రై'లో గృహయజమాని ప్రాణం తీసిన విషం, ఉదయపు అల్పాహారంలోని నారింజ మురబ్బాలో దాగి ఉంటుంది.

అమెరికాలో ఈ ధోరణి మరింత విస్తరించింది. జోన్ ఫ్లూక్ 2000లో వెలువరించిన 'చాక్లెట్ చిప్ కుకీ మర్డర్'లో నేరాన్ని ఛేదించేది పోలీసు అధికారి కాదు. చిన్న ఊరిలో బిస్కట్ల దుకాణం నడిపే హానా. కథతోపాటు ఆమె వంటకాల తయారీ విధానాలు కూడా పాఠకునికి లభిస్తాయి.

ఈ కథలలో రక్తపాతం తెర వెనుకనే ఉండిపోతుంది. ముందుకు వచ్చేది పాకశాస్త్ర ప్రవీణురాలి సూక్ష్మదృష్టి. కొలతలో చిటికెడు తేడాను పసిగట్టగల మనిషి, మాటలో దొర్లిన తేడాను కూడా పసిగడుతుంది. చిన్న ఊరిలో అందరూ పరిచితులే. కనుక హంతకుడు ఎక్కడి నుండో ఊడిపడడు. కలిసి భుజించిన వారిలోనే ఉంటాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

చివరకు దోషి బయటపడతాడు. నిర్దోషులపై కమ్మిన అనుమానం తొలగుతుంది. పొరుగువారు మళ్ళీ నిశ్చింతగా ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. నిజజీవితంలో చెదిరిన నమ్మకం ఇంత సులభంగా అతుక్కోదు. అందుకే కాబోలు, పాఠకులు హత్య కోసం పుస్తకం తెరచి, ఆ విందు కోసం చివరి పుట దాకా చదువుతారు.