ఇంతకీ ఆ పాట కట్టిందెవరు?

అమృతవర్షిణి పాడితే వాన కురుస్తుందనీ, హనుమంతుడి గానానికి రాయి కరిగిందనీ చిన్నప్పట్నుంచీ వింటున్నవాళ్లమే మనం. విన్నాం, తలూపాం. అంతే గానీ, మూసిన తలుపు ముందు మనల్ని నిలబెట్టి "ఊఁ, పాడు చూద్దాం, తెరుచుకుంటుంది!" అన్నవాళ్లు లేరు. ఆ పని ఒక జపాన్ వీడియోగేమ్ చేసింది!

పేరు 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్'. 1998లో నింటెండో వారు విడుదల చేశారు. సంగీతం కోజీ కోండో. ఒకరీనా అంటే చేతిలో ఇమిడిపోయే, నోటితో ఊదే వాద్యం. లింక్ అనే కుర్రాడు మన హీరో. అతని పాటలన్నీ ఐదు మీటల మీదే నడుస్తాయి. 'కాలగీతం'లో అయితే మూడే స్వరాలు, రెండుసార్లు! మూడు మహిమగల రాళ్లు తెచ్చి, ఆ పాట వాయిస్తే కాలాలయం తలుపు తెరుచుకుంటుంది. దారికడ్డమొచ్చిన నీలి బండలు మాయమవుతాయి. పాట మొదలవగానే సిగరెట్టుకి లేచిపోయే మహానుభావుల పప్పులు ఇక్కడ ఉడకవు. పాట రాకపోతే కథ కదలదు!

ఈ ఆట నేను చూసింది మా మనవడి పక్కన కూచుని. వాడు అమెరికాలో పుట్టాడు. తెలుగు అర్థమవుతుంది గానీ నోట పలకదు. వాడి ఇంగ్లీషు వేగం నాకందదు. అంచేత మా ఇద్దరి మధ్యా మాటలు అంతంతమాత్రమే.

అసలు చిక్కు 'తుఫాను పాట' దగ్గరొచ్చింది. గాలిమరలో ఉండే ఒకాయన పెద్దవాడైన లింక్‌కి ఆ పాట వినిపిస్తాడు. ఏడేళ్ల కిందట ఎవరో పిల్లాడొచ్చి ఈ పాట వాయించి గాలిమరని పిచ్చెత్తించాడని ఒకటే మండిపాటు! లింక్ అది నేర్చుకుని, వెనక్కెళ్లి, మళ్లీ పిల్లాడై అదే గాలిమరలో వాయిస్తాడు. ఊరి బావిలో నీళ్లు ఇంకిపోతాయి, లోపలికి దారి దొరుకుతుంది. ఆ పిల్లాడు ఇతనేనన్నమాట!

"మరి పాట కట్టిందెవరు తాతా?" అన్నాడు మావాడు, ఇంగ్లీషులోనే. ఆయన ఇతని దగ్గర విన్నాడు, ఇతను ఆయన దగ్గర నేర్చాడు. మొదలేదీ?

నాకు మా అమ్మ జోలపాట గుర్తొచ్చింది. అది వాళ్లమ్మ దగ్గర నేర్చింది, ఆవిడ వాళ్లమ్మ దగ్గర. కట్టిందెవరో ఎవరికీ తెలీదు. కాకపోతే ఒక్క తేడా... ఆటలో ఆ గొలుసు తెగదు. ఇళ్లలో ఒక్క తరం ఊరుకుంటే చాలు, తెగుతుంది. మా అమ్మాయి ఆ పాట పాడగా నేనెప్పుడూ వినలేదు.

అందుకే వాడికి నేర్పడం మొదలెట్టాను, మీటలు నొక్కినట్టు ఒక్కో స్వరం చొప్పున. మాటలు సగం తప్పులే, శ్రుతి మాత్రం నిలబడుతోంది. వానలు కురవనక్కర్లేదు, రాళ్లు కరగనక్కర్లేదు. వాడి నోట నాలుగు తెలుగు ముక్కలు రాలుతున్నాయి, అది చాలదూ!