అరగంట కేంద్రంలో, మిగతా రోజంతా ఇంట్లో

పల్నాడులో మిరపకోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. ఓ మండల కేంద్రానికి వెళ్లే దారి పొడవునా కళ్లాల్లో ఆరబోసిన కాయలు, ఆటోల నిండా కూలీలు. ప్రాథమిక పాఠశాల ఆవరణలో ఓ మూల రెండు గదుల భవనం, గోడ మీద 'భవిత కేంద్రం' అన్న అక్షరాలు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయిలో నడుస్తున్న కేంద్రాలివి. నడక రాని పిల్లలకు ఫిజియోథెరపీ, బడికి సిద్ధం చేసే చదువు, మాట రాని పిల్లలకు మాటల సాధన అన్నీ ఇక్కడే. మాటలు ఆలస్యమైన పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ ఏం నేర్చుకుని ఇంటికెళ్తున్నారో చూడాలని వెళ్లాను.

లోపల చాప మీద నలుగురు తల్లులు, ఒక నాయనమ్మ, గుమ్మం దగ్గర ఒక తండ్రి కూర్చుని ఉన్నారు. సహిత విద్య టీచరు ముందు చార్టుల్లేవు, ఖరీదైన బొమ్మల్లేవు. ఓ స్టీలు గిన్నె, రెండు గరిటెలు, అరటిపండ్లు, సబ్బునీళ్ల బుడగల సీసా ఉన్నాయి. "మీ ఇళ్లల్లో దొరకని వస్తువేదీ ఇక్కడ వాడనమ్మా. ఇక్కడ చూసింది రేపు పొద్దున మీ ఇంట్లో మీరే చేయాలి" అన్నారామె.

మూడేళ్ల బాబొకడు సీసా వైపే చూస్తున్నాడు. టీచరు రెండుసార్లు బుడగలు ఊది, మూత గట్టిగా బిగించి సీసా వాడి చేతికిచ్చారు. వాడు మూతతో కాసేపు పెనుగులాడాడు. తల్లి ఆగలేకపోయింది. "బుడగ అను నాన్నా, బుడగ అను. అంటేనే టీచరు ఊదుతారు" అంది. బాబు తల దించుకున్నాడు. టీచరు ఆమెను చేత్తో వారించి, పిల్లవాడి కళ్లకు ఎదురుగా వంగి, నోరు మెదపకుండా ఎదురుచూశారు. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. చివరికి వాడు సీసాను ఆమె చేతిలోకి తోసి, "బూ" అన్నాడు. "బుడగ! బుడగ కావాలి!" అంటూ ఆమె వెంటనే మూత తీసి ఊదారు. పూర్తి మాట అనమని అడగలేదు. తర్వాత వాడు అడక్కుండానే మళ్లీ "బూ" అన్నాడు.

తల్లుల వైపు తిరిగి ఆమె చెప్పిన మొదటి పాఠం ఇదే. "'అను, అను' అంటే పిల్లాడికి అది పరీక్ష అయిపోద్ది. ఓడిపోతానని తెలిశాక ఎవరు మాత్రం నోరు తెరుస్తారు? మీరు ఒకసారి చెప్పి, మనసులో పది లెక్కపెట్టండి. వాడు చూపు కలిపినా, వేలు చూపించినా, ఒక్క అక్షరం పలికినా అది మాటే. దాన్ని మీరు అందుకోండి."

ఆ గదిలో నేను విన్న పాఠాలన్నీ ఇంతే సులువుగా ఉన్నాయి. పిల్లలు ఒక మాట అంటే మనం దానికి ఇంకో మాట చేర్చి తిరిగివ్వాలి. వాడు "పాలు" అంటే "వేడి పాలు" అనాలి. "కుక్క" అంటే "కుక్క పోయింది" అనాలి. తప్పు పలికితే దిద్దకూడదు, సరైన మాట మన నోటి నుంచి వాడికి వినిపించాలి. కాకిని "తాతి" అన్న పిల్లతో "అవునమ్మా, కాకి! నల్ల కాకి!" అంటే చాలు. అడక్కముందే అన్నీ చేతికి అందించకుండా, "అరటిపండు కావాలా, బిస్కెట్ కావాలా?" అని రెండూ చూపించి అడగాలి. "ఇది ఏంటి, అది ఏంటి" అని ప్రశ్నలు కురిపించే బదులు, మనం చేస్తున్న పని పైకి చెప్తూ చేయాలి. రోజూ పాడే పాటలో చివరి మాట దగ్గర ఆగి పిల్లవాడి ముఖంలోకి చూడాలి. ఆ ఖాళీని పూరించాలన్న ఆరాటమే చాలామంది పిల్లల చేత మొదటి మాట పలికిస్తుందని టీచరు అనుభవం.

ఇవన్నీ చెప్పే ముందు కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబాన్నీ ఆమె అడిగే ప్రశ్న ఒకటుంది. చెవి పరీక్ష చేయించారా? ఆ రోజు వచ్చిన నాయనమ్మకు ఈ ప్రశ్న నచ్చలేదు. "పళ్లెం కింద పడితే ఉలిక్కిపడతాడు. వాడికి చెవుడేంటమ్మా?" అంది. టీచరు ఓపికగా వివరించారు. పళ్లెం పెద్దగా మోగుతుంది. మాటల్లో 'స', 'ఫ' లాంటి సన్నటి ధ్వనులు వినపడాలంటే చెవి ఇంకా బాగా పనిచేయాలి. కొంత వినిపించి కొంత వినిపించని పిల్లలు పిలిస్తే పలుకుతారు, చప్పుడుకు తిరుగుతారు, అయినా మాటలు రావు. తరచూ జలుబు చేసి చెవి లోపల నీరు చేరినా వినికిడి మందగిస్తుంది. పసిపిల్లలకు కూడా ఓఏఈ, బేరా అనే పరీక్షలున్నాయి. వీటికి పిల్లలు జవాబు చెప్పనక్కర్లేదు, నిద్రపోతున్నప్పుడు కూడా చేయవచ్చు. వినికిడి లోపం తేలితే మిషన్ పెట్టుకోవాలి, అవసరమైతే కాక్లియర్ ఇంప్లాంట్ చేయించాలి. ఆపరేషన్ చేయించి సాధన మానేస్తే ఫలితం ఉండదు, ఎందుకంటే వినపడుతున్న చప్పుడుకు అర్థం కట్టుకోవడం పిల్లవాడు అప్పుడే మొదలుపెడతాడు.

పరీక్షలకు ఎక్కడికి వెళ్లాలో చాలామందికి తెలియదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్ని పరీక్షిస్తాయి. లోపం కనిపిస్తే జిల్లా స్థాయిలో ఉన్న సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి. ఇంకా లోతుగా చూడాల్సి వస్తే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు మన వైపు కుటుంబాలు కూడా వెళ్తుంటాయి.

ఏ వయసుకు ఏ మాట రావాలన్నది కూడా అక్కడ ప్రతి తల్లికీ చెప్తున్నారు. ఏడాది దగ్గరకొచ్చేసరికి 'అమ్మ', 'తాత', 'అత్త' లాంటి ఒకటి రెండు మాటలు రావాలి. రెండేళ్లకు యాభై దాకా మాటలు, 'అమ్మా దా', 'ఇంకా కావాలి' అంటూ రెండేసి మాటలు కలపడం రావాలి. ఏడాదికి కూడా ముద్దుపలుకులు లేకపోయినా, ఏడాదిన్నరకి వేలు పెట్టి చూపించకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా ఆగకూడదు. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. 'ర', 'ళ' లాంటి అక్షరాలు మాత్రం నాలుగైదేళ్లకు కూడా తిరగకపోవచ్చు, దానికి కంగారు పడనక్కర్లేదు.

గుమ్మం దగ్గరి తండ్రి తన పెద్ద కూతురి గురించి అడగడానికి వచ్చాడు. రెండో తరగతి చదువుతోంది, మాట మొదట్లో తడబడుతుంది. "నేను గదమాయిస్తే కాసేపు సరిగ్గా మాట్లాడుద్ది మేడం, మళ్లీ మామూలే" అన్నాడు. ఆమె కాసేపు అతని బాధ విన్నారు. నత్తి రెండు నుంచి అయిదేళ్ల మధ్య మొదలవుతుందని, చాలామంది పిల్లల్లో దానంతటదే పోతుందని, ఈ పాపకు ఏడేళ్లు నిండాయి కాబట్టి స్పీచ్ థెరపిస్టుకు చూపించి తీరాలని చెప్పారు. ఇంట్లో మాత్రం "నెమ్మదిగా చెప్పు", "ఊపిరి తీసుకుని చెప్పు" అనడం మానమన్నారు. మాట అందించకుండా, ముఖం తిప్పకుండా, పాప చెప్పేది పూర్తయ్యేదాకా వినాలి. మనమే నింపాదిగా మాట్లాడాలి. తమ్ముడో అన్నో మధ్యలో అడ్డం రాకుండా చూడాలి. ఎలా చెప్పిందన్నది వదిలేసి ఏం చెప్పిందో దానికి జవాబివ్వాలి. అతను తలూపాడు. "ఇంట్లో అందరికీ చెప్తాను" అన్నాడు.

శనివారం టీచరు ఇళ్లకు వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. బుడగలు అడిగిన బాబు ఇల్లు ఊరి చివర. వాకిట్లో నాయనమ్మ కాయలు ఏరుతోంది, బాబు అరుగు మీద ఫోను చూస్తూ ఉన్నాడు. తల్లి ముఖంలో అలసట. "పొద్దున్నే కోతకి పోతే పొద్దుగూకేదాకా రానండి. వీడితో కూర్చునే తీరిక యాడుంది మేడం?" అంది.

"కూర్చోవద్దమ్మా" అన్నారు టీచరు. "లాల పోసేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు, పడుకోబెట్టేటప్పుడు నువ్వు ఎట్టాగూ వాడి దగ్గరే ఉంటావు. ఆ మూడు పూటలా నోరు తెరిచి మాట్లాడు. చాలు."

అప్పటికప్పుడు చేసి చూపించమన్నారు. తల్లి చెంబుతో నీళ్లు తీసింది. "నీళ్లు. చల్లటి నీళ్లు. చెయ్యి మీద నీళ్లు, కాలు మీద నీళ్లు" అంటూ పోసి, చెంబు ఎత్తి పట్టుకుని ఆగింది. బాబు కేరింతలు కొడుతూ రెండు చేతులూ చాచి, "నీ" అన్నాడు. ఆమె టీచరు వైపు చూసింది. "చూడవద్దు, పొయ్యి!" అన్నారామె. ఆమె పోసింది. ఆ పిల్లవాడి నోటి నుంచి అక్కడున్నంతసేపూ ఆ అక్షరం మళ్లీ మళ్లీ వచ్చింది.

నాయనమ్మకు కూడా ఓ పని అప్పగించారు. రోజంతా మనవడి దగ్గరుండేది ఆమే. బాబును కాయల ఘాటుకు దూరంగా అరుగు మీదే కూర్చోబెట్టి, ఏరుతున్నంతసేపూ "ఇది మంచి కాయ, ఇది తాలు కాయ" అని చెప్తూ ఉండమన్నారు. కోళ్లకు గింజలు వేయడం మాత్రం వాడి చేత చేయించి, "దా దా" అని పిలిపించమన్నారు. ఫోను సంగతి కూడా అక్కడే వచ్చింది. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, ఆ తర్వాత నాలుగేళ్ల దాకా రోజుకు గంట దాటకూడదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఫోను చెప్తూనే పోతుంది, పిల్లవాడు "బూ" అంటే అది ఆగి జవాబివ్వదు. మాట పెరగాలంటే జవాబు కావాలి.

నాయనమ్మ తన సందేహాలు కూడా దాచుకోలేదు. వస అరగదీసి నాకించాలా? నాలుక కింద నరం కోయించాలా? మొక్కు తీరిస్తే మాటలొస్తాయా? టీచరు ఆమె నమ్మకాన్ని నొప్పించలేదు. "మొక్కు తీర్చుకో పెద్దమ్మా, దాంతో పాటు చెవి పరీక్ష కూడా చేయించు" అన్నారు. వస కొమ్ములో ఉండే బీటా ఆసరోన్ విషగుణం ఉన్న పదార్థం, పసిపిల్లలకు నాకిస్తే వాంతులు కావచ్చు కాబట్టి వద్దని గట్టిగా చెప్పారు. నాలుక కింద పొర బిగుసుకుని ఉంటే డాక్టరు చూసి చెప్తారు. మాటలు నేర్వకపోవడానికి అదే కారణం కావడం చాలా అరుదు.

ఇంకో ఇంట్లో చిక్కు వేరు. నాలుగేళ్ల పాపతో ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలని ఓ ప్రైవేటు బడి చెప్పిందట. తల్లికి వచ్చిన ఇంగ్లీషు నాలుగైదు ముక్కలే. "కమ్, సిట్, ఈట్" తప్ప పాపకు రోజంతా వేరే మాట వినపడటం లేదు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. తల్లికి బాగా రాని భాష ఒక్కటే వినిపిస్తే మాత్రం పిల్లకు మాటల తిండి తగ్గిపోతుంది. కథ చెప్పాలన్నా, కోప్పడాలన్నా, ముద్దు చేయాలన్నా నోటికి వచ్చే భాషే కావాలి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన కుటుంబాలు కూడా ఈ ఒత్తిడికి తలొగ్గుతున్నాయి. ఇంట్లో తెలుగు మానేయనక్కర్లేదని వాళ్లకూ చెప్పాలి.

తిరిగి వస్తుంటే టీచరు తన ఇబ్బంది చెప్పారు. ఆమె ప్రత్యేక విద్య చదివారు, స్పీచ్ థెరపిస్టు కారు. ఒక్కో బిడ్డకు వారంలో ఇవ్వగలిగేది అరగంట. నిపుణుణ్ని కలవాలంటే ఈ కుటుంబాలు జిల్లా కేంద్రానికో హైదరాబాద్‌కో వెళ్లాలి, అంటే ఒక రోజు కూలి పోవాలి, బస్సు ఖర్చులు భరించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మాట, భాషా వైకల్యం కూడా ఉంది. హక్కు కాగితం మీద ఉంది. ఆ హక్కు ఊరిదాకా రావాలంటే ప్రతి భవిత కేంద్రానికి వారానికి ఒక్కరోజైనా అర్హత ఉన్న స్పీచ్ థెరపిస్టు రావాలి. ప్రభుత్వాలు ముందుగా చేయాల్సింది అదే.

ఆ థెరపిస్టు రోజూ వచ్చినా పిల్లవాడు మేలుకుని ఉండే గంటల్లో ఎక్కువ ఇంట్లోవే. అందుకే ఈ పని సగానికి పైగా ఇంటివాళ్లదే. దానికి డబ్బు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. ఆగే ఓపిక, పలికించే ముద్దు కావాలి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో రెండేళ్లు దాటినా మాటలు రాని బిడ్డ ఉంటే, "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయిలే" అని సర్దిచెప్పుకోకండి. ఈ వారమే అంగన్‌వాడీ కార్యకర్తనో పిల్లల డాక్టరునో అడిగి చెవి పరీక్ష చేయించండి. ఫలితం ఏదైనా సరే, ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడు ఫోను పక్కన పెట్టి ఆ బిడ్డతో మాట్లాడండి. మాట్లాడాక, వాడి వంతు వచ్చేదాకా ఆగండి.