పాపికొండల లాంచి ప్రయాణం

తాతలనాడు వదలివచ్చిన ఊరొకటి, మనం బ్రతుకుతున్న ఊరొకటి అయిన మనవంటి కుటుంబాలకు గోదావరి అంటే ఒక మమకారం. స్నానవేళ తలచుకొనే ఏడు నదులలో అది ఒకటి. పెద్దలు చెప్పగా వినడమే గాని, మాలో చాలామంది ఆ నదిని రైలు కిటికీలోనుంచి తప్ప చూచి ఎరుగరు. అందుచేత గత సంక్రాంతి పండుగ వెళ్ళిన తరువాత, బరంపురంలోని తెలుగు కుటుంబాలు ఆరు కలిసి, పిల్లలతోను పెద్దలతోను మొత్తం ఇరవైముగ్గురం పాపికొండలు చూచి రావలెనని బయలుదేరాము. ఆ అందాలు చెప్పవలసినవే. అయితే అంతకంటె ముఖ్యమైనది, నీటిమీద పోయేవారు ఎట్లా నడుచుకోవలెనన్న విషయం ఒకటి అక్కడ కళ్ళారా చూచాము. వచ్చే సెలవులలో మరికొన్ని కుటుంబాలు అదే దారిన పోదలచినట్లు తెలిసినందున ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

రాత్రి రైలెక్కి, ఇచ్ఛాపురం, పలాస, విజయనగరం, విశాఖపట్నం, సామర్లకోట దాటి తెల్లవారేసరికి రాజమహేంద్రవరంలో దిగాము. పుష్కరాల రేవులో స్నానాలు చేశాము. అక్కడ నది సుమారు మూడు కిలోమీటర్ల వెడల్పు. అవతలి ఒడ్డు మంచులో కనబడక, సముద్రపుటొడ్డున నిలబడినట్లే ఉన్నది. ఒకప్పుడు లాంచీలు పట్టిసీమ, పురుషోత్తపట్నం రేవులనుండి బయలుదేరేవట. పోలవరం ఆనకట్ట కట్టడం మొదలైన తరువాత ఆ దారి మూసుకొనిపోయినది. ఇప్పుడు ఆనకట్టకు ఎగువన గండిపోశమ్మ అమ్మవారి గుడి దగ్గరకు బస్సులో పోయి లాంచి ఎక్కవలె.

రేవులో కంట్రోల్ రూము ఉన్నది. 2019లో జరిగిన ఘోరప్రమాదం తరువాత, 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇటువంటివి తొమ్మిది ఏర్పాటు చేసినది. పేర్లు వ్రాసుకొని, తలలు లెక్కపెట్టి, తలకొక లైఫ్ జాకెట్టు ఇచ్చి, తొడిగించి మరీ లాంచిలోకి పంపారు. లాంచికి రెండు అంతస్తులు. క్రింద అద్దాల కిటికీలతో కుర్చీల గది, పైన ఎండకు కప్పు మాత్రమే ఉన్న ఖాళీ స్థలం. ఎక్కినవారిలో హైదరాబాదువారున్నారు, విశాఖవారున్నారు, కాలేజీ కుర్రవాళ్ళు పదిపన్నెండుమంది ఉన్నారు.

లాంచి కదలిన అరగంటకే కొండలు రెండువైపులా దగ్గర పడసాగినవి. పాపిటవలె నది కొండలను రెండుగా చీల్చినందుననే వీటికి పాపిడికొండలని పేరు వచ్చినదని, అదే వాడుకలో పాపికొండలైనదని చెప్పుకుంటారు. రాజమహేంద్రవరం దగ్గర అంత విశాలంగా పరచుకొన్న నది ఇక్కడ కొన్ని వందల మీటర్లకు కుదించుకొనిపోతుంది. వెడల్పు తగ్గినచోట లోతు పెరుగుతుంది. కొండరాయికి తగిలి మళ్ళే చోట సుడులు పుట్టుతవి. మాఘమాసపు నీరు అద్దంవలె నిలకడగా ఉన్నది గనుక ఆ సంగతి పైకి తెలియదు. అదే నది వరదలో వేరు స్వరూపం.

పేరంటపల్లిలో దిగి, అడవిలోని శివాలయం చూచాము. కొండమీదనుండి జారివచ్చే సెలయేటి నీరు త్రాగాము. కొండరెడ్లు వెదురుతో చేసిన పూలసజ్జలు, బొమ్మలు ఆడవారు కొన్నారు. వెదురుబొంగులో కాల్చిన కోడికూర వాసనకు మా పిల్లలు కదలలేదు. ఇంతవరకు ప్రయాణం ఆనందంగానే జరిగినది.

తిరుగు ప్రయాణంలో భోజనాలైన తరువాత సంగతి మారినది. ఎండగా ఉన్నదని చాలామంది జాకెట్లు విప్పి కుర్చీలకు తగిలించారు. కుర్రవాళ్ళలో కొందరు శీతల పానీయం సీసాలలో తెచ్చుకొన్నది మంచినీళ్ళు కాదని వాసనవలననే తెలిసినది. పై అంతస్తులో పాటలు పెట్టి గంతులు మొదలైనవి. ఒకడు సెల్ఫీకోసం కమ్మీ దాటి, ఒక చేత్తో స్తంభం పట్టుకొని, నీటిమీదికి వ్రేలాడినాడు. ఇంతలో మైకులో, కుడివైపు కొండలు చూడవలసిందిగా చెప్పినారు. పైనున్నవారిలో సగానికి పైగా ఒక్కసారి కుడిప్రక్కకు ఉరికారు. లాంచి స్పష్టంగా ఒరిగినది. టీ గ్లాసులు జారి క్రిందపడినవి.

సరంగు వెంటనే ఇంజను వేగం తగ్గించి పైకి వచ్చాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి; కోపం లేదు, కేకలు లేవు.

“బాబూ, కమ్మీ లోపలికి రండి. అందరూ కూర్చుంటేగాని లాంచి కదలదండి,” అన్నాడు.

“డబ్బిచ్చి ఎక్కాము గదయ్యా! సరదాకి వచ్చినవాళ్ళను కూర్చోమంటావేమిటి?” అన్నాడు అందులో ఒక కుర్రవాడు.

మాతో వచ్చిన వారిలో డెబ్బైయేళ్ళ మామ్మగారొకరు క్రిందనుండి మెట్లెక్కి వచ్చి, “నాయనా, డబ్బు లాంచికిచ్చావు గాని గోదావరికివ్వలేదు గదా! అతను చెప్పినట్టు విను,” అన్నారు. నలుగురూ నవ్వారు. ఆ కుర్రవాడూ తల వంచుకొని వచ్చి కూర్చున్నాడు.

తరువాత సరంగును అడిగితే చెప్పాడు: “పడవ తక్కెడలాంటిదండి. బరువు అడుగున ఉంటే నిలకడగా ఉంటది. జనమంతా పైకెక్కి నిలబడితే తలబరువైపోతది. ఆపైన ఒక పక్కకే చేరారనుకోండి, అదే వేళకు గాలో సుడో తగిలిందంటే నేను చుక్కాని ఎటు తిప్పినా లాభం లేదండి.” మరి కాసేపటికి ఎడమచేతి ఒడ్డు చూపించి, “అది కచ్చులూరు,” అన్నాడు. ఆ పేరు విన్న తరువాత పాటలు పెట్టమని ఎవరూ అడుగలేదు.

కచ్చులూరు సంగతి తెలియనివారికోసం చెబుతున్నాము. 2019 సెప్టెంబరు 15న, గోదావరి సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరదతో పారుతుండగా ఒక ప్రైవేటు విహారలాంచి బయలుదేరి, ఆ ఊరి దగ్గర తిరగబడినది. ఎక్కినవారు 77 మందని లెక్క. బ్రతికి బయటపడినవారు 26 మంది మాత్రమే. ఒడ్డునున్న గిరిజనులు నాటుపడవలు వేసుకొని పోయి చేతికందినవారిని కాపాడారు. వరంగల్లు దగ్గర కడిపికొండనుండి మావలెనే కలిసి వచ్చిన బృందంలో ఎక్కువమంది తిరిగి ఇల్లు చేరలేదు. కాకినాడ నుండి వచ్చిన ధర్మాడి సత్యం బృందం ఆ లాంచిని ఒడ్డుకు చేర్చేసరికి అక్టోబరు 22 వచ్చినది. దాని లోపల అప్పటికింకా మృతదేహాలున్నవి. అంతకు ముందు సంవత్సరం, 2018 మే 15న, మంటూరు దగ్గర ఊళ్ళకు పోయే లాంచి ఒకటి గాలివానకు మునిగినది. వాన జల్లు పడుతున్నదని తలుపులు మూసుకొన్నందున లోపలివారు బయటికి రాలేకపోయారు. అంతకు నాలుగు రోజుల ముందే వేరొక విహారలాంచి నిప్పంటుకొని కాలిపోగా, ప్రయాణికులందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

కచ్చులూరులో వరదవేళ లాంచి వదలడం ప్రయాణికుల తప్పు కాదు. వదిలినవారూ, ఆపవలసినవారూ దానికి జవాబుదారులు. కాని లాంచి ఎక్కిన తరువాత మన చేతిలో ఏమీ లేదనుకోవడం పొరపాటు. జాకెట్టు, కూర్చొనే చోటు, కమ్మీ, ఈ మూడూ మన చేతిలోనివే.

బొంబాయిలోని మన సోదరులలో పెద్దవారికి రామదాస్ ఓడ సంగతి తెలిసి ఉండవచ్చును. 1947 జూలై 17న బొంబాయినుండి రేవస్ పోతూ, రేవు దాటిన కొంతసేపటికే తుఫాను కెరటాలకు మునిగిపోయినది. 600 మందికి పైగా చనిపోయారు. కెరటం కొట్టగానే జనం భయంతో ఒక ప్రక్కకు తోసుకురావడంతో ఓడ ఒరిగి తిరగబడినదని చెబుతారు. భయంతో ఉరికినా, సరదాకు ఉరికినా నీటికి తేడా తెలియదు. 2024 డిసెంబరు 18న ఎలిఫెంటా గుహలకు పోయే లాంచిని నౌకాదళపు వేగపడవ వచ్చి గుద్దినప్పుడు ప్రయాణికుల తప్పు ఏమీ లేదు. అయినా పదిమందికి పైగా చనిపోయారు. తప్పు ఎవరిదైనా నీట పడేది మనమే గనుక జాకెట్టు ఒంటిమీదనే ఉండవలె, కుర్చీమీద కాదు.

ఇక వేలమందిని ఎక్కించుకొనే విహారనౌకల సంగతి. 2022 జూన్‌లో చెన్నైనుండి విశాఖకు అటువంటి నౌక ఒకటి వచ్చినది గనుక, మనవారిలో ఎక్కేవారు ఇకమీదట ఉండకపోరు. ఆ ఓడలలో ఆపదవేళ అందరూ చేరవలసిన చోటు ఒకటి నిర్ణయించి ఉంటుంది. ఏడు పొట్టికూతలు, ఒక పొడుగుకూత వినబడితే అక్కడికి పోవలె. బయలుదేరేవేళ దాన్ని అభ్యాసం చేయిస్తారు. చాలామంది ఆ సమయంలో గదిలో పడుకొని విసుగుకుంటారట. ఆ అభ్యాసం విలువ ఇటలీలో తెలిసినది. 2012 జనవరి 13 రాత్రి కోస్టా కాంకోర్డియా అనే నౌక జిలియో దీవి దగ్గర రాతికి కొట్టుకొని ఒరిగిపోయినది. ఓడలో నాలుగువేలకు పైగా జనం; 32 మంది మరణించారు. ప్రయాణికులను విడిచి ముందే దిగిపోయిన కెప్టెనుకు పదహారేళ్ళ శిక్ష పడినది. ఆనాడు సాయంత్రమే చివితవెక్కియా రేవులో ఎక్కిన వందలాదిమందికి అభ్యాసం ఇంకా జరగలేదు. ఎక్కిన ఇరవైనాలుగు గంటలలోగా చేయిస్తే చాలునని అప్పటి నియమం. తరువాత దానిని మార్చి, ఓడ కదలకముందే గాని, కదలిన వెంటనే గాని జరిపి తీరవలెనని 2015 నుండి అమలు చేశారు. కమ్మీ ఎక్కి ఫొటోలు దిగేవారు ఇంకొకటి గుర్తుంచుకోవలె: ఓడ బస్సు కాదు, బ్రేకు వేయగానే నిలవదు. పడినవారికోసం తిరిగివచ్చేసరికి నీటిలో తల కనబడదు.

కనుక పాపికొండలకు పోయే కుటుంబాలకు మేము చెప్పేది ఇంతే. వరదరోజులలో పోవద్దు, కార్తీకం నుండి మాఘం వరకు మంచి కాలం. కంట్రోల్ రూములో పేరు వ్రాయించుకోకుండా ఎక్కించే పడవ ఎక్కవద్దు. బృందంలోని వారందరి పేర్లు, వయస్సు, ఇంటి ఫోను నెంబరు వ్రాసిన కాగితం ఒకటి ఒడ్డున ఉండేవారికి ఇచ్చి పొండి. చిన్నపిల్లలకు సరిపోయే జాకెట్లు ఉన్నవో లేవో టిక్కెట్టు తీసుకొనేటప్పుడే అడగండి. పెద్దల జాకెట్టు పిల్లవాడికి తొడిగితే నీటిలో జారిపోతుంది. లోపలి గదిలో కూర్చుంటే తలుపు ఎటున్నదో ముందుగా చూచుకోండి, వాన వచ్చినా మూయనివ్వకండి. కుడివైపు కొండ ఒక అయిదు నిముషాలు ఆగితే ఎడమవైపు కూర్చున్నవారికీ కనబడుతుంది. సరంగు కూర్చోమంటే, ఆ మాట మొదట మన్నించేవారు మన కుటుంబాలవారే కావలె.