కర్గీ రోడ్ లో గోన గన్నారెడ్డి

మా నాన్నగారు రైల్వేలో పనిచేసిన రోజులలో మేము కొంతకాలం కర్గీ రోడ్ లో నివసించాము. బిలాస్‌పూర్ నుండి కట్నీ వెళ్ళే దారిలో, కోటా ఊరికి చెందిన చిన్న స్టేషన్ అది. నాలుగైదు తెలుగు కుటుంబాలు మాత్రమే ఉండేవి. పిల్లలమందరం హిందీ బడిలో చదివేవారము. తెలుగు మాట్లాడగలము గాని చదవలేము. అందుచేత ఆదివారం మధ్యాహ్నాలు మా అమ్మగారు వరండాలో కూర్చుండి అడివి బాపిరాజు (1895–1952) గారి 'గోన గన్నారెడ్డి' నవలను చదివి వినిపించేవారు. గూడ్సుబండి వచ్చినపుడు ఆగి, చివరి పెట్టె దాటిన తరువాత మళ్ళీ అందుకొనేవారు.

ముత్తుకూరు వద్ద కాకతీయ సేనలు పాండ్యుల చేతిలో ఓడిన పిదప రాజ్యం సడలి, స్త్రీ పాలనకు లోబడమని సామంతులు రుద్రమదేవిపై తిరగబడిన కాలమది. ఆ కల్లోలంలో గన్నారెడ్డి గజదొంగగా ప్రవేశించి, ఆదవోని రాకుమారి అన్నాంబిక వివాహవేళ పెళ్ళికొడుకునే ఎత్తుకొనిపోతాడు. మేము చప్పట్లు కొట్టాము. నాన్నగారి మిత్రులొకరు "అంతా కల్పన, గన్నారెడ్డీ లేడు, ఎవడూ లేడు" అని కొట్టివేశారు. ఎదురింటి మామ్మగారు మాత్రం "మగవాళ్ళ తగవులో ఆడపిల్ల పెళ్ళి చెడగొట్టినవాడు వీరుడెట్లా అయ్యాడర్రా?" అన్నారు.

పక్కింటి అక్క ఏమీ అనలేదు. ఆ సంవత్సరమే తాంబూలాలు పుచ్చుకొన్న తరువాత ఆమె సంబంధం తప్పిపోయింది. తప్పు అవతలివారిదే అయినా, పేరంటాలకు ఆమెను పిలవడం మానుకొన్నారు.

మరుసటి ఆదివారం అమ్మగారు కొన్ని పుటలు చదవకుండానే త్రిప్పివేశారు. "పిన్నిగారూ, పందిట్లో మిగిలిపోయిన పిల్ల సంగతి దాటేస్తున్నారేం?" అని అక్క అడిగింది. ఆమె మనసు నొచ్చుకొంటుందని అట్లా చేసిన అమ్మగారికి నోట మాట రాలేదు. అక్క పుస్తకం తీసుకొని వెళ్ళిపోయింది. ఆమెకు తెలుగు అక్షరం రాదు!

మరునాటి నుండి మా పలకమీద అ ఆలు దిద్దడం మొదలుపెట్టింది. మేము ఆ పలక కోసం ఏడ్చినవాళ్ళమే. కొన్ని నెలలకు, ఒత్తుల దగ్గర తడబడుతూనే, అన్నాంబిక ఓరుగల్లు చేరి రుద్రమదేవికి ఆప్తురాలైన ఘట్టాన్ని తానే మాకందరికీ చదివి వినిపించింది. మామ్మగారు కళ్ళు తుడుచుకొన్నారు గాని, గన్నారెడ్డి విషయంలో తన అభిప్రాయాన్ని మార్చుకోలేదు.

చాలా ఏళ్ళకు ఉద్యోగపు పనిమీద రాయచూరు వెళ్ళి, కోటగోడలో 41 అడుగుల పొడవైన బండను చూశాము. దానిమీద 1294 నాటి తెలుగు శాసనం ఉన్నది. గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు ఆదవోని మొదలైన దుర్గాలను జయించి, ఈ కోటను కట్టించినట్లు అందులో చెక్కారు. గన్నారెడ్డి ఉన్నాడన్నమాట! చరిత్రలో ఆదవోని పట్టుబడిన కోట. బాపిరాజుగారు అక్కడినుండి ఒక ప్రేమకథను తెచ్చారు.

ఆనందం పట్టలేక అక్కకు జాబు వ్రాశాము. తెలుగులోనే జవాబు వచ్చింది. ఒక్కటే ప్రశ్న: "అందులో అన్నాంబిక పేరు ఉందా?"

లేదని వ్రాయడానికి మాకు వారం రోజులు పట్టింది.