అంతరంగమును, లెక్కపుస్తకమును



మనలో ననేకులు తీఱిక వేళల బొమ్మలు చేయుటయో, కుట్లు, అల్లికలు నేర్చుటయో కలదు. వానిని నలుగురు మెచ్చినప్పుడు "వీనిని అమ్మకమునకు పెట్టరాదా?" యను తలంపు కలుగక మానదు. ఆ తలంపు కలిగినంతనే చెలులు చెప్పు హితవొకటి యున్నది: "నీ మనసు చెప్పినట్లు చేయుము, తక్కినది దానంతట నదియే జరుగును." ఈ మాటను మేము నమ్మితిమి. నమ్మి లాభమును, నష్టమును రెంటిని పొందితిమి. ఆ రెంటిని దాపఱికము లేక చెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మా నివాసము హైదరాబాదునకు ఉత్తరమున, నాగపురము పోవు బాటమీద నున్న మేడ్చలు. మావారు బడిపంతులు. 2021వ సంవత్సరమున కరోనా జాడ్యమువలన బడులు మూతపడి, ఇంటనుండుటయే యెల్లరకు పనియైనపుడు, మా వీధిలోని నలుగురు స్త్రీలము కలిసి బొమ్మలపని ప్రారంభించితిమి. శామీర్‌పేట మీదుగా సిద్దిపేట దెసకు పోవు రహదారిని పట్టి పోయినవారికి చేర్యాల సమీపమే. అచ్చటి నకాషీలు ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల ముద్ద, బంక కలిపి మూడు పూతలు పూయుదురు. ఒక పూత యాఱినగాని మఱియొకటి పూయరు. ఆ బట్టపై ఎఱ్ఱని నేల దిద్ది, పురాణగాథలను వరుస బొమ్మలుగా వ్రాయుదురు. ఊరూర కథలు చెప్పువారు పూర్వము ఆ పటములను విప్పుచు కథ నడిపెడివారు. ఆ చేతులే చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి బొమ్మలను, ముఖములను గూడ చేయును. ఈ రెండవ పనిని మేము చూచి నేర్చుకొంటిమి.

ఇచ్చట ఒక మాట. చేర్యాల చిత్రముల పేరు భౌగోళిక సూచికగా నమోదైనది. ఆ పేరుపై హక్కు ఆ యూరి పనివారిది. మేడ్చలులో చేసిన బొమ్మకు ఆ పేరు పెట్టినచో రెండింతల వెల వచ్చునని మాలో నొక వదినెగారు సలహా చెప్పిరి. మేము ఒప్పుకొనక "చింతగింజల బొమ్మలు" అను పేరే పెట్టుకొంటిమి. వెల తగ్గినది; నిద్ర పట్టినది.

మఱుసటి సంవత్సరము పట్టణపు స్త్రీలు కొందఱు తమకును ఆ పని నేర్పుమని కోరిరి. శామీర్‌పేట పెద్దచెఱువునకు అనతిదూరమున తెలిసినవారి మామిడితోటలో నొక యిల్లు కలదు. అందు శని, ఆదివారములు రెండునాళ్లు విడిది యేర్పఱచితిమి. దీనిని నేటివారు రిట్రీట్ అందురు. పదిమంది వచ్చిరి. తెల్లవాఱగనే చెఱువుకట్టవైపు నడక, ఫలాహారమువఱకు మౌనము, తరువాత బొమ్మల పని, రాత్రి కథాకాలక్షేపము. ఏ గంటకు ఏ పనియో కాగితముపై అచ్చువేయించి గోడకు అంటించితిమి. మొదటి పూటనే ఆ కాగితము పనికిమాలినదని మాకు తోచినది. వచ్చినవారి ముఖములు చూడగా, వారికి కావలసినది పాఠము కాదు; ఎవరును పిలువని ఒక గంట. కాగితము తీసివేసితిమి. ఒక్కొక్కరి చేతికి పిసికిన ముద్ద నిచ్చి, చెట్లక్రింద తమకు నచ్చినచోట కూర్చుండుడని చెప్పి మేము వంటయింటికి పోతిమి. మధ్యాహ్నమునకు పది బొమ్మలు సిద్ధమైనవి. వారిలో నొకామె, "పెండ్లియైన పదునెనిమిదేండ్లలో నేనొక పనిని నడుమ లేవక ముగించుట యిదియే మొదలు" అని చెప్పి కన్నులొత్తుకొనెను.

ఆ దినమున మా అంతరంగము చెప్పినది నిజమైనది. దానితో మాకు గర్వము పుట్టినది. ఏది తోచిన నదియే సత్యమని యెంచుకొంటిమి.

2023వ సంవత్సరము జూలైలో మాకు మఱియొకటి తోచినది: ఈ పర్యాయము ముప్పదిమందిని పిలువవలెను. నెలాఖరున 29, 30 తేదీలు శని, ఆదివారములు. శనివారము మొహర్రము సెలవు. ఇంతకంటె మంచి యదను దొరకదని మనసు తొందరపెట్టెను. ఇరువదియాఱుగురు తలకొక వేయి రూపాయలు ముందుగా పంపిరి. మా పెట్టెలో పదునొకండు వేలుండెను. ఇంతకంటె పెద్దదగు వేఱొక తోటకు పదునైదు వేలు కట్టితిమి. రంగులకు, సామగ్రికి, నూటయేబది వట్టి బొమ్మలు చేసి యిచ్చుటకు దగ్గఱి పల్లెలోని యిద్దఱు స్త్రీలకు కూలి బాపతు కొంతకును కలిపి పదునెనిమిది వేలు వెచ్చించితిమి. మా అత్తగారు, "అధికశ్రావణమున క్రొత్తపని తలపెట్టకుము" అనిరి. మావారు, "వానలలో ముప్పదిమంది యెట్లు వత్తురు?" అని యడిగిరి. మేము నవ్వి, "మా మనసునకు తెలియును" అంటిమి.

ఆ వారము తెలంగాణమున కురిసిన వాన మీకు జ్ఞాపకముండును. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో జూలై 27వ తేదీ యుదయమునకు ఒక్కదినమున 649.8 మిల్లీమీటర్ల వర్షము నమోదైనది. మావైపు అంత కాకున్నను, ముసురు పట్టి రోజులతరబడి విడువలేదు. బడులకు సెలవు లిచ్చిరి. వట్టి బొమ్మలు ఆఱక, అడుగున మెత్తబడి, మూడవనాటికి తెల్లని బూజు పట్టినవి. విడిది మానుకొనక తప్పినది కాదు. తోటవారు తీసికొన్న సొమ్ము తిరిగి యీయమనిరి. మావద్ద ఒడంబడిక కాగితము లేదు గనుక వారిని తప్పుపట్టుటకు వీలులేదు. ఇరువదియాఱుగురికి ఇరువదియాఱు వేలు తిరిగి పంపవలెను. కూలి బాకీ ఆఱు వేలు. పెట్టెలో మిగిలినవి నాలుగు వేలు. ఇరువదియెనిమిది వేలు తక్కువ. మా పుట్టింటివారు పెట్టిన గాజులు తాకట్టునకు పోయినవి. పదునాలుగు నెలలకుగాని అవి యింటికి రాలేదు. అత్తగారు మా వట్టిచేతులను చూచియు నొక మాటయైన ననలేదు. ఆ మౌనమే మమ్ము మిక్కిలి నొప్పించెను.

గాజుల సంగతి యటుండనిండు. కూలి యీయబోయినపుడు బొమ్మలు చేసిన స్త్రీలలో పెద్దామె, భర్త గతించి కూతునితో జీవించునామె, డబ్బు చేతబట్టక, "చెడిపోయిన సరుకుకు కూలెందుకమ్మా" అనెను. బలవంతముమీద ఇచ్చితిమి. అప్పుడామె చెప్పిన మాట యిది: "ముసురు పట్టేటట్టున్నదని మూడొద్దుల ముంగటనే అనుమానమైందమ్మా. పొట్టు గూడ చేతికి తడితడి తాకింది. మీరు అడుగలే, నేను చెప్పలే."

ఆ మాట విన్నపిదప మాకు సంగతి తెలిసినది. అంతర్వాణి లేకపోలేదు, అది మాలో గాక, ఆమె యఱచేతిలో నుండెను. ముప్పదిమందిని పిలువవలెనని మాలో పలికినది అంతర్వాణి కాదు, కోరిక. రెండును ఒక గొంతుతోనే మాటలాడును. వానిని వేఱుపఱచుట యెట్లు?

చిన్ననాట మా తండ్రిగారు చెప్పిన పాఠములు జ్ఞప్తికి వచ్చినవి. మనుస్మృతి ధర్మమునకు నాలుగు ఆధారములు చెప్పినది: వేదము, స్మృతి, సదాచారము, ఆత్మతుష్టి. ఆత్మతుష్టికి చోటు లేకపోలేదు గాని, అది నాల్గవది. తెలిసినవారి మాట, పెద్దల నడవడి మొదట విని, అటుపై తన మనసు నడుగవలెను. మేము వరుసను తలక్రిందు చేసితిమి. కాళిదాసుని దుష్యంతుడు ఆశ్రమకన్యను చూచి, సందేహము కలిగినచోట తన హృదయమునే ప్రమాణముగా గొనెను. ఆ హృదయము చెప్పినది సత్యమే. అయినను శాపవశమున ఆ హృదయమే యామెను మఱచినది. తుదకు జ్ఞాపకము తెచ్చినది జాలరి చేతికి చిక్కిన యుంగరము. ఎంతటి రాజునకైనను, మనసు చెప్పినదానికి గుఱుతొకటి వెలుపల నుండవలెను.

నేటి మనశ్శాస్త్రజ్ఞులును ఇట్టిదే చెప్పుచున్నారు. గ్యారీ క్లెయిన్ అను నాయన మంటలార్పు దళముల నాయకులను పరిశీలించి, అంతర్దృష్టిని గొప్పగా నమ్మినవాడు. 2002లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన డానియెల్ కానెమాన్ దానిని శంకించినవాడు. ఇట్లు భిన్నాభిప్రాయులైన యిద్దఱు కలిసి చర్చించి 2009లో నొక వ్యాసము ప్రకటించిరి. దాని సారాంశ మిది: ఏ పని యొక క్రమమునకు లోబడి జరుగునో, ఏ పనిలో మనిషి చిరకాలము తప్పొప్పులు వెంటనే తెలిసికొనుచు అభ్యసించునో, ఆ పనిలో మాత్రమే తోచినదానిని నమ్మవచ్చును. మనసున కలిగిన ధైర్యము దానికి సాక్ష్యము కాదు. చింతగింజల ముద్దను వేలికొసతో చూచి పాకము చెప్పుటలో మాకు రెండేండ్ల యభ్యాసము కలదు. ముప్పదిమంది విడిదిని నడుపుటలో ఒక్కదినమైన లేదు.

హైదరాబాదుననే యిందుకు తగిన యుదాహరణ మొకటి కలదు. శ్రీమతి సురయా హసన్ బోసుగారు (1928-2021) అంతరించుచున్న హిమ్రూ, మష్రూ, పైఠనీ నేతలను మరల నిలిపి, భర్తలేని స్త్రీలకు మగ్గముపని నేర్పి, వారి చేతులతోనే అమ్మకము సాగించిరి. హిమ్రూ మగ్గమునకు జాల యని యొకటి యుండును. పువ్వు, తీగె ఎంత చక్కగా మనసున మెదలినను, ముందుగా దానిని దారములతో జాలలో ముడివేయవలెను. ఆ ముడుల ప్రకారమే పడుగు లేచును, పువ్వు దిగును. కల్పన మనసుదే, దానిని నిలుపునది ముడి. వ్యాపారమున లెక్కపుస్తక మట్టి జాల యని మాకు తోచినది.

మావారు దీనిని మఱియొక విధముగా చెప్పిరి: "జవాబు సరియైనను, లెక్క చేసిన విధము చూపని పిల్లవానికి నేను సగము మార్కులే యిత్తును. వాడు మఱునాడు అదే లెక్క మరల చేయలేడు."

నాటినుండి మేము పాటించు కట్టుబాట్లు కొన్నింటిని విన్నవింతుము. నోటుపుస్తకమున ఎడమపుటయందు, మనసునకు ఏది తోచెనో తేదీతో వ్రాయుదుము. కుడిపుటయందు, జరిగినది వ్రాయుదుము. రంగుల కూర్పు, ముద్ద పాకము, వచ్చినవారిలో నెవరికి ఏకాంతము కావలెను, ఎవరికి మాట తోడు కావలెను అను విషయములలో రెండు పుటలును తఱచుగా నేకీభవించుచున్నవి. తేదీలు, జనసంఖ్య, సొమ్ము అను విషయములలో తఱచుగా నేకీభవించుట లేదు. కావున మొదటివానిలో మనసునకు స్వేచ్ఛ నిచ్చితిమి; రెండవవానిని కాగితమున కప్పగించితిమి.

విడిదికి వచ్చువారు ముందుగా నిచ్చు సొమ్ము, విడిది ముగియువఱకు మాది కాదు. దానికి బ్యాంకులో వేఱు ఖాతా. తోటవారితో షరతులన్నియు వ్రాతమూలముగా నుండవలెను. పదిమందికి మించి పిలువము. ఆషాఢమునుండి భాద్రపదమువఱకు విడిది లేదు. దీనికి అధికమాసము కారణము కాదు, ఆఱని ముద్దయే కారణము. అత్తగారు మాత్రము రెండును ఒకటే యందురు. 2020 జూలైనుండి అమలునకు వచ్చిన ఉద్యమ్ నమోదు ఇంటినుండియే, రుసుము లేక చేసికొనవచ్చును. మా చిన్న పనిని అందులో నమోదు చేసితిమి. అన్నింటికంటె ముఖ్యమైనది, ఏ నిర్ణయమునకైనను ముందు ముద్ద పిసుకు చేతుల నడుగుదుము.

గడచిన మాఘమున శామీర్‌పేట తోటలో జరిగిన విడిదికి ఆ పెద్దామెయే గురువుగా కూర్చుండెను. ముద్ద యెప్పుడు కుదిరినదో యెట్లు తెలియునని వచ్చినవారడుగగా, "చేతికి ఎర్కున్నది నోటికి రాదమ్మా, పట్టి చూడుండ్రి" అని నవ్వి, ఒక్కొక్కరి వ్రేళ్లను తన చేతిలోనికి తీసికొని ముద్దలో నుంచెను. మేము ప్రక్కన కూర్చుండి, ఆనాటి రాకపోకల జమాఖర్చులు వ్రాసికొనుచుంటిమి. ఆమె కూలి మొత్తమును మొదటి పంక్తిలోనే వ్రాసితిమి.

కావున, సోదరీమణులారా, మీ మనసు పిలిచిన పనికి తప్పక పూనుకొనుడు. ఆ పిలుపు లేనిచో నే కళయు పుట్టదు. అయితే ఆ పిలుపు వచ్చిన దినమును పుస్తకమున వ్రాసి, దానియెదుట నొక పుటను ఖాళీగా నుంచుడు. మీ యనుభవములను గూడ ఈ పత్రికాముఖమున తెలిపినచో మేము సంతసింతుము.